వెలుతురు ఎటువైపు ఎక్కువ?

ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో టోలెన్స్ పరీక్ష చేసినవాళ్ళు దాన్ని అంత తేలిగ్గా మరచిపోరు. సిల్వర్ నైట్రేట్, అమ్మోనియా కలిపిన ద్రావణంలో కాస్త గ్లూకోజ్ వేసి, పరీక్షనాళికను వేడినీళ్ళలో నిలబెడితే కాసేపటికి గాజు లోపలి గోడంతా వెండి పడుతుంది. నాళికలో మన కళ్ళు మనకే కనిపిస్తాయి. ఆల్డిహైడ్లు వెండి లవణం నుంచి వెండిని ఇలా గాజుమీదికి దించగలవని 1835లో గమనించినవాడు జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టుస్ ఫాన్ లీబిగ్. అంతకు ముందు అద్దం చేయాలంటే తగరం రేకుమీద పాదరసం పరిచేవారు. ఆ ఆవిర్లు పీల్చిన పనివాళ్ళ చేతులు వణికేవి, ఆరోగ్యం చెడేది. లీబిగ్ దారి పట్టాక అద్దం చవకైంది, పనివాడికి పాదరసం బాధ తప్పింది.

ఈ అద్దానికి వెండి ఎంత కావాలి? మామూలు అద్దం వెనుక వెండి పొర మందం సుమారు 100 నానోమీటర్లు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. వెండి సాంద్రత తెలిస్తే లెక్క మీరే కట్టవచ్చు: పది గ్రాముల తులం వెండిని అంత పలచగా పరిస్తే దాదాపు 100 చదరపు అడుగులు వస్తుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున్న గదికి ఒక తులంతో నేలంతా అద్దం చేయవచ్చన్నమాట. ఎలగందులలో పుట్టి కరీంనగర్‌లో స్థిరపడిన ఫిలిగ్రీ కళలో పనివాళ్ళు అదే వెండిని సన్నని తీగలుగా లాగి, మెలిపెట్టి, అత్తర్‌దాన్లూ పాన్‌దాన్లూ నెమళ్ళూ అల్లుతారు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనిలో తీగ ఎంత సన్నగా ఉన్నా కంటికి కనిపిస్తుంది. అద్దంలోని వెండి కంటికి కనిపించదు, మన ముఖాన్నే మనకు చూపిస్తుంది.

ఆ పొరను ఇంకా పలచన చేస్తే ఏమవుతుంది? 100 నానోమీటర్ల నుంచి ఇరవైకో పదిహేనుకో దించితే లోహం వెలుతురునంతా వెనక్కి కొట్టలేదు. కొంత తిప్పి పంపుతుంది, కొంత తనగుండా పోనిస్తుంది, కొంత తానే మింగేస్తుంది. అలా లోపలికి దారి ఇచ్చే గాజు వెనుక ఒక తెర పెడితే అదే ఇప్పుడు మార్కెట్లో స్మార్ట్ మిర్రర్ పేరుతో తిరుగుతున్న వస్తువు. ముందు నిలబడితే తల దువ్వుకోవచ్చు. అదే అద్దంలో ఓ మూల టైము, ఇవాళ్టి ఎండ, రాబోయే వాన, పిల్లల పరీక్ష తేదీ తెల్లటి అక్షరాల్లో వెలుగుతూ ఉంటాయి. తెర ఆపేస్తే మళ్ళీ మామూలు అద్దమే. ఈ గాజుకు వెండే ఉండాలని లేదు. అల్యూమినియం పూతో, లోహ ఆక్సైడ్ల పొరలో వేసిన గాజులు కూడా దొరుకుతాయి. సూత్రం మాత్రం ఒకటే.

ఆ సూత్రం మనకు కొత్తదేమీ కాదు. రాత్రిపూట ఆదిలాబాద్ వెళ్ళే ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, లోపల లైట్లు వేసినప్పుడు బయటికి చూడండి. అడవీ కనిపించదు, ఊరూ కనిపించదు. మీ ముఖం, మీ వెనుక సీటు కనిపిస్తాయి. డ్రైవరు లైట్లు ఆపగానే చెట్లు, దూరంగా ఊరి దీపాలు బయటపడతాయి. గాజు మారలేదు. మామూలు గాజు తనమీద పడిన వెలుతురులో రెండు ముఖాల దగ్గరా కలిపి ఎనిమిది శాతం దాకా వెనక్కి పంపుతుంది. పగలు కూడా పంపుతూనే ఉంటుంది, కానీ బయటి ఎండ ముందు ఆ ఎనిమిది శాతం ఏపాటి? రాత్రి బయట చీకటి గనుక అదే గెలుస్తుంది. ఏ వైపు వెలుతురు ఎక్కువో ఆ వైపు ఉన్నవాళ్ళకు అది అద్దం, చీకటి వైపున్నవాళ్ళకు కిటికీ. స్మార్ట్ అద్దం గురించి తెలుసుకోవలసినదంతా దాదాపు ఈ ఒక్క మాటలో ఉంది. అది ఎక్కడ బాగా పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు, దాని చాటున ఎవరైనా ఉన్నారా అన్న మూడు ప్రశ్నలకూ జవాబు అక్కడినుంచే రావాలి.

లెక్క వేసి చూద్దాం. తెర ప్రకాశాన్ని నిట్లలో కొలుస్తారు. మామూలు కంప్యూటర్ మానిటర్ 300 నిట్లు ఇస్తుందనుకుందాం. గాజు 30 శాతం పోనిచ్చి, 70 శాతం వెనక్కి పంపే రకం. లోహం మింగేది ఇక్కడ వదిలేద్దాం. అప్పుడు అక్షరం మన కంటికి 90 నిట్లతో చేరుతుంది. ఇంట్లో ట్యూబులైటు వెలుగులో నిలబడిన మనిషి తెల్లచొక్కా ప్రకాశం 75 నిట్ల దాకా ఉంటుంది. అద్దంలో దాని ప్రతిబింబం 50కి కాస్త పైన. తొంభైకి యాభై. అక్షరం చదవడానికి ఇబ్బంది లేదు. ఇదే అద్దాన్ని దీపాలు దట్టంగా పెట్టిన బట్టల షోరూమ్‌కు తీసుకెళ్ళండి. అక్కడి వెలుతురు మూడు రెట్లు దాటుతుంది. చొక్కా ప్రతిబింబం 175 నిట్లకు చేరుతుంది, అక్షరం మాత్రం తొంభై దగ్గరే ఉంటుంది. కొనుక్కున్న మిర్రర్ షాపులో వెలవెలబోయిందని ఎవరైనా అంటే లోపం ఇక్కడే. అలాంటిచోట వెయ్యి నిట్లకు పైబడిన వ్యాపార తెరలు వాడాలి, లేదా అద్దం ఎదుటి గోడకు ముదురు రంగు వేయాలి. రెండోదానికి పెద్దగా ఖర్చవదు. అద్దంలో ప్రతిబింబించేది నల్లగా ఉన్నచోట అక్షరం తేటగా పైకొస్తుంది.

నల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాలే ఎందుకన్నదీ దీనితోనే తెలుస్తుంది. తెరలో నల్లగా ఉన్న భాగం వెనుకనుంచి వెలుతురు పంపదు గనుక అక్కడ అద్దం అద్దంలా మిగులుతుంది. అయితే ఎల్‌సీడీ తెరలో నలుపు పూర్తి నలుపు కాదు. వెనుక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ద్రవ స్ఫటికాలు దాన్ని అడ్డుకుంటాయి. కాస్త కారుతుంది. రాత్రి గదిలో లైటు తీసేస్తే అద్దం మధ్యలో బూడిదరంగు దీర్ఘచతురస్రం దెయ్యంలా కనిపిస్తుంది. ఓఎల్‌ఈడీ తెరలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, తనంతట తానే ఆరుతుంది. అందుకే అక్కడ ఆ దీర్ఘచతురస్రం ఉండదు, ధర మాత్రం ఎక్కువ.

ద్రవ స్ఫటికాలను మొదట గమనించింది 1888లో, ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ రైనిట్జర్. కొలెస్టరాల్ నుంచి చేసిన ఒక పదార్థం రెండుసార్లు కరుగుతున్నట్టు ఆయనకు కనిపించింది. 145 డిగ్రీల దగ్గర మసక ద్రవమై, 178 దాటాక తేటపడింది. ఆ మసక దశలో ద్రవంలాగా పారుతూనే స్ఫటికంలాగా అణువులు వరుసలో నిలబడతాయి. 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్ బృందం పళ్ళెం ఆకారపు అణువులతో కొత్తరకం ద్రవ స్ఫటికాలను కనుగొంది. పక్కనుంచి చూసినా తెర రంగు మారకుండా ఉండే పలచని ఫిల్ముల్లో ఆ రకం అణువులు తర్వాత వాడుకలోకి వచ్చాయి. మన దేశంలో జరిగిన ఈ పని గురించి మన పాఠ్యపుస్తకాలు ఇంకా గట్టిగా చెప్పాలి.

ఎల్‌సీడీ నుంచి వచ్చే వెలుతురుకు మరో గుణం ఉంది. అది ధ్రువణం చెంది ఉంటుంది, అంటే దాని కంపనాలన్నీ ఒకే దిశలో ఉంటాయి. పోలరాయిడ్ చలువ కళ్ళద్దం పెట్టుకుని తెరవైపు చూస్తూ తల పక్కకు వంచితే తెర నల్లబడటం చాలామంది గమనించే ఉంటారు. ఈ గుణాన్ని వాడుకుని ఇంజినీర్లు వందల ప్లాస్టిక్ పొరలు పేర్చిన ఒక ఫిల్మ్ చేశారు. ఒక దిశ కంపనాలను అది అద్దంలా తిప్పికొడుతుంది, దానికి అడ్డదిశలో ఉన్నవాటిని దాదాపు పూర్తిగా వదిలేస్తుంది. తెరను సరైన దిశలో అమర్చితే దాని వెలుతురు ఇంచుమించు నష్టం లేకుండా బయటికొస్తుంది. గది వెలుతురులో సగం మాత్రం ప్రతిబింబిస్తుంది. ఫిలిప్స్ కంపెనీ 2003లో మిర్రర్ టీవీ అమ్మకానికి పెట్టినప్పుడు, ఆపేస్తే అద్దం, వేస్తే టీవీ అని జనం ఆశ్చర్యపోయారు. కార్లలో వెనుక చూపే అద్దంలోనే కెమెరా దృశ్యం కనిపించడానికీ ఇలాంటి ఫిల్ములు తోడ్పడతాయి.

ఆదిలాబాద్‌లో అద్దం గోడకే పరిమితం కాదు. దండారి పండుగ రోజుల్లో గుస్సాడీ నాట్యం చేసే రాజ్‌గోండుల నెమలి ఈకల టోపీల్లో చిన్న చిన్న అద్దాలు మెరుస్తాయి. ఆ నాట్యాన్ని జీవితమంతా నేర్పిన మర్లవాయి గురువు కనక రాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశారు. తండాల్లో లంబాడా ఆడవాళ్ళు రవికెలకూ లంగాలకూ కుట్టే అద్దాలు సరేసరి. అవి వెలుతురునంతా తిప్పి పంపేవి. పగిలేదాకా ఉంటాయి, కరెంటు అడగవు. స్మార్ట్ అద్దం అలా కాదు. మన ఉత్తర తెలంగాణ వాతావరణంలో దానికి వచ్చే ఇబ్బందులు వేరు.

మొదటిది ఎండ. మామూలు మానిటర్లు 40 డిగ్రీల గాలి ఉష్ణోగ్రత దాకా పనిచేసేటట్టు చేస్తారు. రామగుండం, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ వేసవిలో 45 దాటడం మనకు మామూలే. చెక్క ఫ్రేములో బిగించి, ముందు గాజు, వెనుక గోడ ఉంటే లోపల ఇంకా కాగుతుంది. వేడి హద్దు దాటితే ద్రవ స్ఫటికం వరుస తప్పి, తెరమీద నల్లటి మచ్చ పాకుతుంది. ఫ్రేము కిందా పైనా గాలి సందులు పెట్టి, గోడకు రెండంగుళాల ఎడం ఉంచితే కింది చల్లగాలి పైకి ఎక్కుతూ వేడిని మోసుకుపోతుంది. పడమటి గోడకు అసలు పెట్టకూడదు.

రెండోది మనిషిని కనిపెట్టే సెన్సరు. ఎవరైనా ముందుకు రాగానే వెలిగి, పోగానే ఆరిపోవడానికి చాలా అద్దాల్లో పీఐఆర్ సెన్సరు పెడతారు. మన ఒంటి వేడివల్ల వెలువడే పరారుణ కిరణాలకూ వెనుక గోడనుంచి వచ్చేవాటికీ ఉన్న తేడాను అది పట్టుకుంటుంది. మే నెల మధ్యాహ్నం గోడే 36 డిగ్రీలుంటే, మన చర్మం 34 డిగ్రీలుంటే తేడా ఎక్కడుంటుంది? మనిషి నిలబడ్డా అది గుర్తించదు. చలిదేశంలో చక్కగా పనిచేసినది ఇక్కడ పనిచేయకపోవడానికి ఇదే కారణం. చిన్న రాడార్ సెన్సరు పెడితే ఈ బాధ ఉండదు, అది వేడిని కాకుండా కదలికను చూస్తుంది. అదే ఆదిలాబాద్ చలికాలంలో సమస్య తిరగబడుతుంది. తెల్లవారుజామున వేడినీళ్ళ ఆవిరి చల్లటి స్నానాలగది అద్దంమీద మంచులా పట్టేస్తుంది. అద్దం వెనుక పలచని హీటరు పట్టీ అంటిస్తే గాజు కాస్త వెచ్చబడి ఆవిరి పట్టదు.

కరెంటు సంగతి కూడా చూడాలి. 24 అంగుళాల మానిటర్‌కు 20 వాట్లు, చిన్న కంప్యూటర్‌కు 5 వాట్లు అనుకుంటే రోజంతా వెలిగితే నెలకు 18 యూనిట్లు. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్లలోపు సున్నా బిల్లు అందుకుంటున్న ఇంట్లో, ఇప్పటికే 190 వాడుతున్నవాళ్ళను ఆ పద్దెనిమిదే హద్దు దాటిస్తాయి. రోజుకు మూడు గంటలే వెలిగేలా చేస్తే రెండు యూనిట్లకు కాస్త పైన, అంతే. అందుకే సెన్సరు సరిగ్గా పనిచేయడం ముఖ్యం.

దీన్ని కొనాలా, చేసుకోవాలా? నా ఓటు చేసుకోవడానికే. నెదర్లాండ్స్‌కు చెందిన మైకేల్ టీయూ 2014లో తనకోసం ఒకటి చేసుకుని, ఆ ప్రోగ్రామును అందరికీ ఉచితంగా ఇచ్చాడు. మ్యాజిక్ మిర్రర్ పేరుతో ప్రపంచమంతా ఇప్పుడు దాన్ని పెంచుతోంది. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటరు, పాత మానిటరు, పూత వేసిన గాజు, వడ్రంగి చేసిన ఫ్రేము చాలు. బాసర ట్రిపుల్ ఐటీలోనో, కొండగట్టు జేఎన్‌టీయూ కాలేజీలోనో చదివే విద్యార్థికి ఇది ఒక సెమిస్టరు ప్రాజెక్టు. ఆంగ్లంలో తయారైన ఆ ప్రోగ్రామును తెలుగులో చక్కగా నడిపించడం అంతకన్నా మంచి ప్రాజెక్టు. తెలుగు అక్షరాల ఒత్తులు, గుణింతాలు చిన్నవి. తెరకూ గాజుకూ మధ్య ఎడం ఉంటే ప్రతి గీతకూ పక్కన నీడ గీత పడి, ఒత్తు ఏదో తలకట్టు ఏదో తెలియకుండా పోతుంది. తెరను గాజుకు ఆనించి బిగించాలి, అక్షరం ఆంగ్లానికి పెట్టినదానికంటే పెద్దది పెట్టాలి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లున్నాయి. ఏం చూపించాలన్నది ఊరినిబట్టి ఉంటుంది. జమ్మికుంటలో పత్తి ధర, ఆదిలాబాద్‌లో రాత్రి చలి, వేములవాడలో బస్సుల వేళలు.

కొనుక్కోవడంలో ఉన్న చిక్కు అమెరికాలో ఒక కంపెనీ కథ చెబుతుంది. ఇంట్లో వ్యాయామం నేర్పే మిర్రర్ అనే అద్దం 2018లో మార్కెట్లోకి వచ్చింది. ధర సుమారు పదిహేను వందల డాలర్లు. కరోనా కాలంలో, 2020లో, లులులెమన్ అనే బట్టల కంపెనీ ఆ సంస్థను 50 కోట్ల డాలర్లకు కొనేసింది. 2023లో ఆ అద్దాల అమ్మకమే ఆపేసింది. గాజు వందేళ్ళు మన్నుతుంది. దాని వెనుక ఉన్న ప్రోగ్రాము కంపెనీ తలచుకున్నన్నాళ్ళే. అందుకే తెర, కంప్యూటరు విప్పి మార్చుకునే వీలు లేని అద్దాన్ని ఎంత అందంగా ఉన్నా తీసుకోవద్దంటాను.

షాపులకు వచ్చేసరికి కెమెరా తోడవుతుంది. 2015లో అమెరికాలోని నీమన్ మార్కస్ దుకాణాల్లో మెమోమి సంస్థ పెట్టిన అద్దం, డ్రెస్సు వేసుకుని తిరిగితే వీడియో తీసి పక్కపక్కన పెట్టి పోల్చి చూపేది. ముఖం చూసి చర్మం గుణం చెప్పే అద్దాలు బ్యూటీపార్లర్ల కోసం వస్తున్నాయి. వాటిమీద నాకు ఒక అనుమానం ఉంది. 2018లో జాయ్ బువోలమ్విని, టిమ్‌నిట్ గెబ్రు కలిసి చేసిన పరిశోధనలో, ముఖం చూసి ఆడా మగా చెప్పే వ్యాపార ప్రోగ్రాములు తెల్లటి మగవాళ్ళ విషయంలో ఒక శాతంలోపే తప్పాయి, నల్లటి ఆడవాళ్ళ విషయంలో 34 శాతం పైచిలుకు దాకా తప్పాయి. ఆడా మగా చెప్పడంలోనే అంత తప్పిన యంత్రాల జాతి, చామనఛాయ ముఖంమీద మచ్చలు లెక్కపెట్టి క్రీము అమ్ముతానంటే నమ్మకూడదు. ఏ ఛాయ ముఖాలతో దానికి శిక్షణ ఇచ్చారని పార్లర్ వాళ్ళను అడగండి.

ఇక ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లో ఉండే భయం. ట్రయల్ రూమ్ అద్దం వెనుక ఎవరైనా చూస్తున్నారా? వాట్సాప్‌లో ఏళ్ళ తరబడి తిరుగుతున్న సలహా, గోరు అద్దానికి ఆనించి చూడమంటుంది. గోటికీ ప్రతిబింబానికీ మధ్య ఖాళీ ఉంటే మంచి అద్దమని, ఖాళీ లేకుంటే రెండువైపులా కనిపించే అద్దమని చెబుతుంది. ఇది నమ్మదగ్గది కాదు. ఆ ఖాళీ పూత గాజుకు ముందుందా వెనుకుందా అన్నది మాత్రమే చెబుతుంది. పూత వెనుకవైపు ఉన్న రెండువైపుల అద్దం ఖాళీ చూపించి మోసగించగలదు. పరీక్ష వెలుతురుతో చేయాలి. ముఖం గాజుకు ఆనించి, రెండు చేతులతో కళ్ళ చుట్టూ వెలుతురు పడకుండా మూసి లోపలికి చూడండి. ఫోను టార్చిని గాజుకు గట్టిగా ఆనించి వెలిగించండి. వెనుక గది ఉంటే ఆనవాలు తెలుస్తుంది. వీలైతే గదిలో లైటు ఆపేయండి. అప్పుడు వెలుతురు తక్కువైన వైపు మీరే అవుతారు, కిటికీ మీకు తెరుచుకుంటుంది. వేలితో తట్టి చూస్తే గోడమీది అద్దం గట్టిగా, వెనుక ఖాళీ ఉన్నది బోలుగా మోగుతుంది. అయితే అద్దం మంచిదని తేలినంత మాత్రాన గది మంచిదని కాదు. కెమెరాకు రెండు మిల్లీమీటర్ల రంధ్రం చాలు. కొక్కేలు, స్విచ్ బోర్డు, పైకప్పు సందులు కూడా చూడాలి.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం ఏకాంతంలో ఉన్న స్త్రీని దొంగచాటుగా చూసినా, చిత్రించినా మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్ళు, మళ్ళీ చేస్తే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కూడా వర్తిస్తుంది. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మన సమాచారం తీసుకునే ముందు మన అనుమతి తీసుకోవాలంటుంది.

కరీంనగర్, ఆదిలాబాద్ షాపుల యజమానులను ఒక్కటే కోరుతున్నాను. అద్దంలో కెమెరా ఉంటే ఉందని తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ట్రయల్ రూమ్‌లోకి తెర ఉన్న అద్దాన్ని అసలు తేవద్దు. అమ్మాయిలకు, వాళ్ళ తల్లిదండ్రులకు చెప్పేది ఇది: గదిలోకి వెళ్ళగానే టార్చి వెలిగించి చూడండి, అనుమానం వస్తే బట్టలు మార్చుకోకుండా బయటికొచ్చి 100కో 112కో ఫోన్ చేయండి, పోలీసుల షీ టీమ్ కావాలని అడగండి.